రేవులో ఒక యాటు, దానిలో ఒక కోడి

అరవయ్యో దశకం మొదట్లో నేను ముత్తుకూరుకు తూర్పున, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఉన్న ఒక చిన్న రేవులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. రేవు అనగానే పెద్ద పెద్ద ఓడలు ఊహించుకోవద్దు. ఒక పెంకుటిల్లు ఆఫీసు, ముందు ఒక జెండా కొయ్య, లోపల ఒక రిజిస్టరు, అంతే. ఉప్పు బస్తాలూ ఎండుచేపలూ వేసుకుని నాటు పడవలు వచ్చేవి, పోయేవి. వచ్చినప్పుడు ఒక వరస రాసేవాణ్ణి, పోయినప్పుడు ఇంకో వరస రాసేవాణ్ణి.

మా ఆఫీసరుగారు గుంటూరు వైపు మనిషి. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్ళుంది. రూల్సు పుస్తకమంటే ఆయనకు భక్తి. దాన్ని విప్పే ముందు చేతులు కడుక్కుని, పైపంచెతో తుడుచుకునేవారు. ఆఫీసులో మూడోవాడు సరంగు. అరవై దాటిన సాయిబు, చిన్నతనంలో తెరచాప ఓడల్లో రంగూను, సింగపూరు తిరిగి వచ్చి, ఇప్పుడు మొగలో ఇసక మేటలు తప్పించి పడవల్ని లోపలికి తెచ్చే పని చేసేవాడు. నేనేమో కోట అనే ఊరి దగ్గర మాగాణి రైతుల బిడ్డను. నాకు తెలిసిన నీళ్ళు మోకాలి లోతు మడి నీళ్ళే.

ఉద్యోగం వచ్చిన ఆర్నెల్లకు పెళ్ళయింది. భార్యను తీసుకొచ్చి ఆఫీసు వెనక రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టాను. చుట్టూ ఇసక, సరుగుడు చెట్లు, పగలంతా గాలి. మాట్లాడటానికి మనిషి లేక ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న నాలుగు కోళ్ళతో మాట్లాడేది. నేను అన్నానికి వచ్చేసరికి ఏదో ఒక కోడి మీద ఫిర్యాదు సిద్ధంగా ఉండేది.

ఒకరోజు పొద్దున మొగ దగ్గర జనం గుమికూడారు. తెల్లటి చిన్న పడవ ఒకటి, తెరచాప కొయ్య సగానికి విరిగి పక్కకు వేలాడుతుంటే, పోటు మీద మెల్లగా లోపలికి వస్తోంది. తాడుకు ఒక పసుపు గుడ్డ కట్టి ఉంది.

"ఎవురో మొక్కుబడికి వస్తా ఉండారు. పసుపు గుడ్డ కట్టినారు చూడు" అంది చేపలమ్మే ఒక ముసలమ్మ.

"మొక్కుబడి కాదు మే. పరదేశం పడవ అది. మాకు జబ్బుల్లేవు, వచ్చి చూసుకోండని ఆ గుడ్డ కడతారు. రంగూన్లో శానా చూసినా" అన్నాడు సరంగు. చిన్న పడవేసుకుని పోయి, దాన్ని మేటల మధ్య నుంచి జాగ్రత్తగా తీసుకొచ్చి మా ఆఫీసు ఎదురుగా లంగరు వేయించాడు.

దిగింది ఇద్దరే. అరవయ్యేళ్ళ దొర, ఉడికించిన రొయ్యలాగా ఎర్రగా ఉన్నాడు. ఆయన భార్య పొట్టిగా, చలాకీగా ఉంది, నిక్కరు తొడుక్కుంది. ఆమె ఆఫీసులోకి అడుగుపెట్టగానే మా ఆఫీసరుగారు తల దించుకున్నారు. ఆ పూటంతా ఆమెను అడగాల్సిన ప్రశ్నలన్నీ సిరాబుడ్డిని అడిగారు.

దొర ఇచ్చిన కాగితంలో ఆ పడవను ఏమంటారో ఇంగ్లీషులో రాసి ఉంది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని "యాచ్ట్" అని చదివాను. దొర నవ్వాపుకుని "యాట్" అన్నాడు. ఆఫీసరుగారు చేతులు కడుక్కుని పుస్తకం తీశారు. మా రిజిస్టరులో సరుకు పడవ, చేపల పడవ, బల్లకట్టు అని మూడే రకాలున్నాయి.

"సరుకేమిటి?"

"ఏమీ లేదు."

"చేపలు పడతారా?"

"తినడానికి ఒకటో రెండో."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చారు?"

"సంతోషం కోసం" అన్నాడు దొర.

ఆఫీసరుగారు కలం పక్కన పెట్టారు. "సంతోషానికి మా రేవుకు ఎవరూ రారండీ" అన్నారు బాధగా. అయినా ఆ మనిషి అబద్ధం రాయలేడు, గడి ఖాళీగా వదలలేడు. చివరికి నా చేత 'సరుకు: సంతోషం. బస్తాలు: లేవు' అని రాయించారు.

తర్వాత ఊరి గడి దగ్గర చిక్కొచ్చింది. దొరది ఒక దేశం, ఆమెది ఇంకో దేశం. పడవ రిజిస్టరయింది ఇద్దరిదీ కాని మూడో దేశంలో. అక్కడైతే కాగితాల గొడవ తక్కువట.

"మీ ఊరొకటి, ఆమె ఊరొకటి, పడవ ఊరు ఇంకొకటి. మీరు ముగ్గురూ కలిసి ఉండేదెక్కడ?"

"సముద్రంలో" అన్నాడు దొర. ఆఫీసరుగారు అదీ రాయించారు.

మనుషుల గడి వచ్చేసరికి ఆమె వేళ్ళతో మూడు చూపించింది. మూడో ప్రాణి కోడి. నల్లది, మెడ మీద బంగారు రంగు ఈకలు. సింహళంలో గుడ్ల కోసం కొని, పడవలోనే పెంచుకుంటున్నారు. కోడికి వేరే గడి లేదు గనక 'మనుషులు: మూడు (ఒకటి కోడి)' అని రాశాను. ఆరోగ్య పరీక్ష కూడా మా ఆఫీసరుగారే చెయ్యాలి. నాలుకలు చూపించమన్నారు. దొర చూపించాడు, ఆమె చూపించింది, కోడి నోరు తెరవలేదు. దాని తరఫున ఆమె సంతకం చేసింది.

ఆ మధ్యాహ్నం అన్నానికి పోయి, "రేవులోకి యాటొచ్చింది" అన్నాను నా భార్యతో.

"పండగా కాదు, పబ్బమూ కాదు. ఇప్పుడు యాటను ఎవురు కోయిస్తా ఉండారు?" అందామె. మా వైపు యాట అంటే కూరకు కోసే మేక. నేను నవ్వి వివరం చెప్పేలోపే ఆఫీసు నుంచి పిలుపొస్తే వెళ్ళిపోయాను. ఆ నవ్వు చూసి ఆమె ఏమనుకుందో, దారిన పోయే చేపలమ్మేవాళ్ళకు ఏమని చెప్పిందో నాకు తెలియదు. సాయంత్రం ఆఫీసు ముందు ఏడెనిమిది మంది ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడ్డారు.

"మాకొక పోగు రాసుకో సామీ."

"మాకు రెండు. అల్లుడొచ్చినాడు."

అది మాంసం యాట కాదనీ, పడవ యాట్ అనీ నేను అరగంట చెప్పాను. అందరూ నమ్మారు గానీ, పొద్దున పసుపు గుడ్డను చూసిన ఆ ముసలమ్మ ఒక్కతే నమ్మలేదు. "సరేలే. తలకాయ ఎవురికిచ్చినారో అది చెప్పు" అంది. ఆ తర్వాత నేనెక్కడ కనిపించినా అదే మాట అడిగేది.

విరిగిన కొయ్యకు బదులు కొత్తది కావాలి. సరుగుడు కొయ్య చెక్కిస్తానన్నాడు సరంగు. దొర ఒప్పుకోలేదు. మద్రాసులో మంచి కలప చూసి, దానికి తగిన ఇనప సామాను చేయించుకుని వస్తానన్నాడు. ఆఫీసరుగారు పుస్తకం తిరగేశారు. పరదేశపు సొంత పడవను సుంకం లేకుండా రేవులో ఉంచుకోవచ్చు. అయితే అమ్మకూడదు, బాడుగకివ్వకూడదు, కనిపెట్టుకునే మనిషి లేకుండా వదలకూడదు. దానిలో వచ్చినవన్నీ దానిలోనే పోవాలి, కొత్తవి చేరకూడదు. యజమాని ఊరు దాటితే పడవ రేవు అధికారి అధీనంలో ఉంటుంది.

"అంటే నీ అధీనంలో" అన్నారు ఆఫీసరుగారు నన్ను చూసి.

దొర భార్య నన్ను పడవలోకి తీసుకుపోయి చెయ్యాల్సిన పనులు చెప్పింది. అడుగున ఊరే నీళ్ళు రోజూ తోడాలి. గాలి పోయేటట్టు మూతలు తెరవాలి. పొద్దున జెండా ఎగరేసి, పొద్దు గుంకేటప్పుడు దించాలి. కోడికి గింజలు, నీళ్ళు పెట్టాలి. నేను అన్నిటికీ తల ఊపాను. ఆ ఊపడం సగం నాది, సగం పడవది. ఆమె చెప్పడం ముగించేసరికి నేను పక్కకు వంగి పొద్దున తిన్న ఇడ్లీలు ఉప్పుటేట్లో కలిపాను.

"లంగరేసిన పడవలో కక్కినోణ్ణి నా జన్మలో ఇదే చూడటం అబ్బయ్యా" అన్నాడు సరంగు.

వాళ్ళు మద్రాసు వెళ్ళాక మొదటి వారం రోజూ కక్కాను. రెండోవారానికి అలవాటయింది. పగలంతా పడవను కనిపెట్టుకుని ఉండాలి గనక మూడు పూటలా అన్నం నా భార్యే పడవ దగ్గరికి తెచ్చేది. మొదట గట్టు మీదే నిలబడేది. తర్వాత సరంగు వేసిన పలక మీదుగా నడిచి లోపలికి రావడం నేర్చుకుంది. మనిషి పడుకునేంత బల్లలు, మూసే తలుపులు, ఒక మూల పొయ్యి, పొయ్యి కదలకుండా కమ్మీలు. అన్నీ తట్టి చూసింది. "మన ఇంటికంటే ఇదే నయం" అంది. తర్వాత ఆమె కళ్ళు కోడి మీద పడ్డాయి.

కోడి ఒక మూల బుట్టలో ఉబ్బిపోయి కూర్చుని ఉంది. మేత ముట్టడం లేదు, దగ్గరికి పోతే గుర్రుమంటోంది. జబ్బు చేసిందని నేను భయపడ్డాను. మూడు ప్రాణుల్లో ఒకటి తగ్గితే రిజిస్టరుకు ఏం జవాబు చెప్పాలి?

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు. పొదుగుకొచ్చింది. పాపం, కిందొక గుడ్డు కూడా లేకుండా ఉత్త గడ్డి మీద కూర్చోనుంది. భాష తెలీని ఊర్లో ఒంటరిగా ఉంటే దానికి ఎట్టా ఉంటాదో మీకేం తెలుసు" అంది నా భార్య.

ఆ మాట కోడి గురించే అనుకున్నాను. ఆమెకు కూడా అక్కడ కొత్తగా ఉందనీ, పుట్టింటి మీద బెంగ ఉందనీ నాకు తట్టడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మర్నాటి నుంచి కోడి బాగా కుదుటపడింది. బుట్ట వదిలేది కాదు. నేను గింజలు దగ్గరగా జరిపి వచ్చేసేవాణ్ణి. చెయ్యి పెడితే పొడుస్తుంది గనక కింద ఏముందో చూడలేదు.

ఆఫీసరుగారు వారానికోసారి తనిఖీకి వచ్చేవారు. నాలుగో తనిఖీ రోజున ఆయన తలుపు దగ్గర వంగి లోపలికి దిగారు, నేను రిజిస్టరు పట్టుకుని వెనక దిగాను. బుట్టలోంచి కియ్ కియ్ మని వినిపించింది. కోడి లేచి రెక్కలు దులుపుకుంది. దాని కాళ్ళ మధ్య నుంచి ఒకటీ, రెండూ, మూడూ, మొత్తం ఆరు పిల్లలు బయటికొచ్చి ఆఫీసరుగారి చెప్పుల మీదికెక్కాయి.

ఆయన ఒక్కొక్కదాన్నీ వేలితో లెక్కపెట్టారు.

"ఏమయ్యా, రిజిస్టరు ప్రకారం, నిన్నూ నన్నూ తీసేస్తే, ఇక్కడ ఒక ప్రాణి ఉండాలి. నాకు ఏడు కనిపిస్తున్నాయి. నీకెన్ని కనిపిస్తున్నాయి?"

"నాకూ ఏడే సార్."

"అదే నా భయం."

కొత్తవి చేరకూడదన్న రూలు ఆయన నాకు చదివి వినిపించినదే. కొత్త ఉద్యోగం, ఊళ్ళో అమ్మానాన్నలు గొప్పగా చెప్పుకునే ఉద్యోగం. కోడిపిల్లల వల్ల పోయిందని తెలిస్తే కోట బజారులో తలెత్తుకోలేను. సరంగును పిలిపించారు. అతడు పిల్లల్ని చూసి గడ్డం నిమురుకున్నాడు.

"దీంట్లో గాబరా పడేదేం లేదు సార్. ఓడలో పుట్టిన బిడ్డ ఆ ఓడ జెండా బిడ్డే. సింగపూరు పోతా ఉంటే మా ఓడలో ఒకామె కనింది. బిడ్డకు మా ఓడ పేరే పెట్టినారు."

"పుట్టడం సరే. గుడ్డు ఎక్కడిది? ఈ పడవలో పుంజు లేదే" అన్నారు ఆఫీసరుగారు.

అప్పుడే అన్నం క్యారియరుతో పలక మీద నడిచి వచ్చిన నా భార్య పైనుంచి జవాబు చెప్పింది. "మా ఇంటివండీ. నేనే పెట్టినా. ఏడు పెడితే ఆరు లేచినాయి. మంచి కోడి."

నేను కళ్ళు మూసుకున్నాను. ఆఫీసరుగారు వేళ్ళు మడిచారు. "గుడ్డు నెల్లూరు జిల్లాది. పొదిగింది సింహళ కోడి. జెండా మూడో దేశానిది. పడవ నా అధీనంలో ఉంది. ఇవి ఎవరివమ్మా?"

"అదేం ప్రశ్నండీ. ఒకరి గుడ్లు ఇంకొకరి కోడి పొదిగితే సగం సగం. ఊర్లో పాలుకిచ్చినప్పుడు ఎట్టా చేస్తారో అట్టనే. మూడు మావి, మూడు ఆ యమ్మవి."

ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. చేతులు కడుక్కుని వచ్చి పుస్తకమంతా వెతికారు. కోళ్ళను పాలుకివ్వడం గురించి దానిలో అనుకూలంగా లేదు, వ్యతిరేకంగానూ లేదు. అయినా మనసాగక పై ఆఫీసుకు రెండు పేజీల ఉత్తరం రాశారు. పది రోజులకు జవాబొచ్చింది. ఉత్తరంలో కోడి అన్న మాట పదకొండుసార్లుండటం చూసి అక్కడెవరో దాన్ని పశువుల డాక్టర్ల దగ్గరికి పంపినట్టున్నారు. కోళ్ళకు తెగుళ్ళు రాకుండా టీకాలెట్లా వేయించాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి వచ్చింది. ఆఫీసరుగారు దానికి కూడా అట్ట వేయించారు.

ఇక ఏ మూడు ఎవరివో తేలాలి కదా. పరదేశపు పిల్లలకు గుర్తుగా నెత్తిన ఎర్ర సిరా పెట్టమన్నారు. సాయంత్రం మూడు పిల్లల్ని పట్టుకుని జాగ్రత్తగా చుక్కలు పెట్టాను. పొద్దున పోయి చూస్తే తల్లి రెక్కల కింద రాసుకుని రాసుకుని ఆరూ ఎర్రగా ఉన్నాయి. తల్లి పొట్ట కూడా ఎర్రగానే ఉంది. నేను సంగతి చెబితే ఆఫీసరుగారు రెండు చేతులతో తల పట్టుకుని, "ఇప్పుడన్నీ పరదేశానివే అయిపోయాయి కదయ్యా" అన్నారు.

మద్రాసు వెళ్ళిన నెలన్నరకు దొర, ఆయన భార్య ఎడ్లబండి మీద కొత్త కొయ్యతో వచ్చారు. బండి కంటే కొయ్య రెట్టింపు పొడుగుంది. ముత్తుకూరు నుంచి దారిలో ఎదురైన ప్రతి బండినీ చేలోకి దింపుకుంటూ వచ్చారట. పడవలో ఆరు పిల్లల్ని చూసి ఆమె నేల మీద కూలబడి నవ్వింది. నా భార్య వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈమెకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా రెండు గంటలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "వాళ్ళత్తగారు కూడా అంతేనంట" అంది నా భార్య. ఎట్లా తెలిసిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

కొయ్య నిలబెట్టడానికి దొరా, సరంగూ, నేనూ, ఎనిమిది మంది పడవవాళ్ళూ నాలుగు రోజులు తాళ్ళు లాగాం. అయిదో రోజు పొద్దున పోటు ఉండగా బయల్దేరాలి. ఆఫీసరుగారు ఇస్త్రీ బట్టలతో, రిజిస్టరుతో వచ్చారు. దిగేటప్పుడు మూడు ప్రాణులు గనక పోయేటప్పుడు కూడా మూడు ఉండాలి. ఆ పైన వాటా కింద వచ్చే మూడు పిల్లల్ని 'రేవులో జననం' అని చేర్చడానికి ఒక వరస ఖాళీగా ఉంచారు.

నా భార్య మూడు పిల్లల్ని బుట్టలో వేసుకుని గట్టు మీదికి దిగింది. వెంటనే కోడి పలక మీద పరుగెత్తి ఆమె వెంట వచ్చింది, మిగతా మూడు దాని వెంట వచ్చాయి. పట్టుకుని పడవలో వదిలాం. ఇంకోసారి వచ్చింది. మూడోసారి దొర స్వయంగా ఎత్తుకుపోతే ఆయన వేలు పొడిచి మరీ దిగింది. దొర భార్య దాన్ని చూసి, నా భార్యను చూసి, ఏదో మెల్లగా అంది. నేను తెలుగు చేశాను. "కోడిని ఉంచుకోమంటున్నారు. సముద్రంలో పిల్లలు బతకవంట."

అందరం ఆఫీసరుగారి వైపు చూశాం. వచ్చినవన్నీ పోవాలని పుస్తకంలో ఉంది. చచ్చిందని రాస్తే ఎవరూ అడగరు. కానీ బతికున్న కోడి ఎదురుగా నిలబడి చూస్తుంటే ఆ మాట ఆయన రాయలేరు.

"దీన్ని మనం ఏ గడిలో రాశాం?"

"మనుషుల గడిలో సార్."

ఆయన ఆలోచించారు. "అయితే సరుకు రూలు దీనికి వర్తించదు. మనిషి ఏ రేవులోనైనా దిగిపోవచ్చు. రాయి. 'ముగ్గురిలో ఒకరు తమ ఇష్టప్రకారం ఇక్కడ దిగిపోయిరి.'"

"పిల్లలు సార్?"

"తల్లి దిగాక పిల్లల్ని పడవలో పంపకూడదు. అది పుస్తకంలో లేదు, ఉండాల్సింది" అని ఖాళీ వరస కొట్టేశారు.

నా భార్య మామిడికాయ ఊరగాయ జాడీ ఒకటి ఆమె చేతిలో పెట్టింది. ఆఫీసరుగారు సరిగ్గా అప్పుడే సరుగుడు చెట్ల వైపు తిరిగి గాలి ఎటుందో చూశారు. సరంగు ముందు దారి చూపిస్తుంటే తెల్ల పడవ మొగ దాటింది. కొత్త కొయ్య మీద తెరచాప విచ్చుకుని గాలి పట్టింది. మేమంతా అది చిన్నదయ్యేవరకు నిలబడ్డాం. నా భార్య ఏడ్చింది. నేను ఏం చెయ్యాలో తెలియక కోడిని ఎత్తుకున్నాను. అది నన్ను కూడా పొడిచింది.

అయితే కోడికి నేల మీద నిద్రపట్టేది కాదు. ఇన్నాళ్ళూ ఊగే పడవలోనే పడుకున్నది. గంప కింద మూస్తే పొద్దు గుంకినప్పటి నుంచి అరుపే, పిల్లలకూ నిద్ర లేదు, మాకూ లేదు. నాలుగో రోజు నా భార్య దూలానికి తాడు కట్టి, పెరుగు ఉట్టి తీసేసి, ఆ చోట ఒక బుట్ట వేలాడదీసింది. కోడినీ పిల్లల్నీ దానిలో ఎక్కించి మెల్లగా ఒక తోపు తోసింది. కోడి రెండు ఊపులకు మెడ ముడుచుకుని కళ్ళు మూసింది. ఆ రేవులో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం దీపం పెట్టాక బుట్ట ఊపే పని నాది. చెయ్యి ఆగితే అది ఒక కన్ను తెరిచి నా వైపు చూసేది.